టోర్ రోడ్డు దిగుతూ

దాని గొంతు నా చెవిలో ఉంది. రెండేళ్ళ తొమ్మిది నెలలుగా నాతో ఒక్క మాట మాట్లాడని నా కూతురు సనాయె, ఇప్పుడు నా కుడి చెవిలో దూరి, "ఇక్కడ మెట్లు హెచ్చుతగ్గులుగా ఉంటాయండీ, ఫోన్లు చూసుకుంటూ దిగకండి" అంటోంది. నాతో కాదు, పదిమందితో. ఆ పదిమందిలో నేనొకదాన్ని. అది ముప్ఫై అడుగులు ముందు పచ్చజెండా ఎత్తి పట్టుకుని నడుస్తోంది, కాలరుకు మైకు తగిలించుకుంది, మా అందరి చెవుల్లోనూ శనగగింజంత యంత్రాలు. టిక్కెట్టు కొనుక్కుని కన్నకూతురి గొంతు వింటున్న తల్లిని కోబె మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. పేరు ఒకాడా అని రాయించాను, అది మా పక్కింటావిడ పేరు, ఆవిడకు చెప్పనైనా లేదు. బట్టటోపీ కనుబొమల దాకా లాక్కున్నాను, మాస్కు ముక్కు మీదకు జరుపుకున్నాను. గుర్తుపట్టిందా, లేదా? ఒక్కొక్కరి చేతిలో యంత్రం పెడుతున్నప్పుడు నా వేళ్ళు చూసింది, ముఖం చూడలేదు. ఆ వేళ్ళతో దానికి పన్నెండేళ్ళు జడలు వేశాను. వేళ్ళు చూసి మనిషిని గుర్తుపట్టచ్చా? నేనైతే దాని నడక చూసి వందమందిలోనైనా పట్టేస్తాను. ఎడమకాలు కాస్త బయటికి విసిరి వేస్తుంది, అచ్చం వాళ్ళ నాన్న నడకే.

కూతురు ఏం పని చేస్తోందో తల్లికి తెలియడానికి నూడిల్స్ కొట్టు గోడ మీద అంటించిన ప్రకటన చదవాల్సి వచ్చింది. పాత విదేశీ పేటల్లో కాలినడక, కితానో కొండ నుంచి ఓడరేవు దాకా, వెంట ఉండి చూపించేది హమాయ్ సనాయె. హమాయ్ నా ఇంటిపేరు. అడుగున చిన్న అక్షరాల్లో, నాన్‌కిన్ మాచి దర్జీ సందు కూడా, అని ఉంది. నాన్‌కిన్ మాచి అంటే మా ఊళ్ళో చైనావాళ్ళ పేట, ఆ సందు మాది, ఆ దర్జీ నా మొగుడు. అక్కడ నిలబడి పరాయివాళ్ళకు ఏం చెబుతుంది ఇది? కుతూహలం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, పక్కింట్లో గిన్నె కిందపడితే అది ఏ గిన్నో తెలిసేదాకా కాలు నిలవదు. కానీ ఇవాళ్టిది ఆ రకం కాదు. నా చేతిసంచిలో సనాయె తరఫు వకీలు పంపిన కాగితం ఉంది, జులై నుంచి మోస్తున్నాను. తండ్రి పోయిన మూడేళ్ళలోగా అయితేనే, ఆయన నా తండ్రి అని కోర్టు చేత రాయించుకునే హక్కు పిల్లకు ఉంటుందట. జనవరితో మూడేళ్ళు నిండుతాయి. తల్లి వాంగ్మూలం లేకపోతే పని జరగదట. పుట్టిన తేదీలు, కాపురమున్న ఇళ్ళు, అన్ని గడులూ నింపాను, ఒక్కటి మిగిలింది. పెళ్ళి నమోదు చేయించకపోవడానికి కారణం. ఏం రాయాలో నాకు తెలుసు, అందుకే రాయలేదు. సనాయె ఇన్నేళ్ళూ ఏ కారణం నమ్ముకుని బతుకుతోందో ముందు చెవులారా వినాలనిపించి వచ్చాను.

సంపెంగ కాదు, మల్లె కాదు, ఈ అక్టోబరు వాసన, కనకపు రంగు చిన్నపూల చెట్టుది, ఏ గోడ వెనక ఉందో ఎప్పుడూ కనిపించదు. "ఇది గాలికోడి ఇల్లు, కప్పు మీద గాలివాటు చూపే రేకు కోడి ఉంది చూడండి, కట్టించినాయన జర్మనీ వర్తకుడు" అంటోంది సనాయె, అందరూ తలలెత్తారు, నేనూ ఎత్తాను. డెబ్భై రెండేళ్ళలో ఈ కోడి వంక ఇంత సేపు చూసిన పాపాన పోలేదు. నా ముందు ఒక నగోయా ఆయన, ఎర్ర నోట్‌బుక్కు, చెవి వెనక పెన్సిలు, ప్రతిదీ రాసుకుంటున్నాడు, కోడి తోక ఏ వైపు ఉందో కూడా. "ఏమండీ, ఈ ఊళ్ళో ఉత్తరం, దక్షిణం అనరా? ఎవర్నడిగినా కొండవైపు, సముద్రంవైపు అంటున్నారు" అని అడిగాడు. సనాయె నవ్వింది. ఆ నవ్వు నా చెవిలో పడింది. "కొండ కనబడుతుంటే ఉత్తరం ఎందుకండీ మాకు? మా ఊరివాళ్ళు ఓసాకా వెళ్తే మొదటిరోజే తప్పిపోతారు, అక్కడ కొండ ఉండదుగా" అంది. పదిమందీ నవ్వారు. ఇంత సరదాగా మాట్లాడటం దీనికెప్పుడు వచ్చింది? మాతో ఉన్నప్పుడు అన్నానికి రమ్మంటే ఊఁ, వద్దంటే ఊఁ, అంతే. లేక నేనే ఎప్పుడూ మధ్యలో అందుకుని దాన్ని మాట్లాడనివ్వలేదా?

మసీదు దాటాం. శుక్రవారం కాబోలు, మెట్ల దగ్గర చెప్పులు బారులు తీరి ఉన్నాయి, లోపల్నుంచి సన్నగా చదవడం వినిపిస్తోంది. రెండు వీధుల అవతల, కొండవైపున జైనుల గుడి, తెల్లరాయి, దాని పక్కన ముత్యాల వర్తకుల ఇళ్ళు, ఆ ఇళ్ళ ఆడవాళ్ళ జాకెట్లకు బొత్తాల కాజాలు కుట్టి ఇచ్చింది నేనే. వాళ్ళ వంటింట్లోంచి వచ్చే ఇంగువ వాసన ఏమిటో కనుక్కోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆదివారాలు ఆయన కుట్టిన సూట్లు చేతిమీద వేసుకుని ఈ వాలు ఎక్కేవాడు, వెనకాల ఇది, ఆరేళ్ళది, హ్యాంగర్లు పట్టుకుని. ఇంటికొచ్చి ఏం చూశావే అంటే చెప్పేది కాదు. ఇప్పుడు చెబుతోంది, ఏ ఇంట్లో పియానో ఉండేదో, ఏ దొరసాని పిల్లికి ఇనప మంచం వేయించిందో, ఎవరి వాకిట్లోకి అడవిపంది దిగి బంతిపూల కుండీలు తవ్విపోసిందో. ఇవి పుస్తకాల్లో ఉండే సంగతులు కావు, హ్యాంగర్లు మోసిన పిల్ల కళ్ళతో చూసినవి. నాకు అసూయ కలిగింది. నాకు చెప్పకుండా నలభై ఏళ్ళు దాచుకుంది, నగోయా నోట్‌బుక్కుకు మాత్రం పళ్ళెంలో పెట్టి ఇస్తోంది.

"ఇక్కడ్నుంచి టోర్ రోడ్డు, నేరుగా సముద్రంవైపు దిగడమే. ఒకాడా గారూ, ఎడమ మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు కమ్మీ పట్టుకుని మెల్లగా దిగండి." పట్టుకున్నాను. పట్టుకుని నాలుగు మెట్లు దిగాక ఆగిపోయాను. ఎడమ మోకాలని నేనెవరికీ చెప్పలేదు. కుంటడం కూడా లేదు, పొద్దున మాత్ర వేసుకుని బయల్దేరాను. అంటే తెలుసన్నమాట. గాలికోడి దగ్గర తెలుసా, యంత్రం చేతిలో పెట్టినప్పుడే తెలుసా, పేర్ల జాబితాలో ఒకాడా అని చూడగానే తెలుసా? తెలిసీ వెళ్ళిపొమ్మనలేదు. ఎందుకు అనలేదు? ముందుకు చూశాను, జెండా కదులుతోంది, మెడ వెనక జుట్టులో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి, అది వెనక్కి తిరగలేదు. తెలిసీ రానిస్తోందంటే నేను వినాల్సింది ఏదో ముందుంది. మోకాలి సంగతి మరిచిపోయి గబగబా రెండు మెట్లు దిగాను.

ఈ రోడ్డు మీదే, ఇదే వాలు మీద, కడుపుతో ఉన్న నన్ను చెయ్యి పట్టుకు దింపుతూ ఆయన అన్నాడు, పెళ్ళి కాగితంలో రాయించవద్దు ఫుసాకో, అని. రిన్ బున్షో, కోబెలోనే పుట్టాడు, వాళ్ళ నాన్న కత్తెర పట్టుకుని చైనా నుంచి వచ్చాడు. మాకు పెళ్ళి విందు జరిగింది, ఫొటో ఉంది, సందులో ఉన్నవాళ్ళందరూ పందిమాంసం బన్నులు తిని నన్ను వదినా అన్నారు, ఒక్క సర్కారు కాగితం తప్ప అన్నీ ఉన్నాయి. ఆ రోజుల్లో పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది, తల్లి ఇక్కడిదైనా సరే, తండ్రి విదేశీయుడైతే పిల్లా విదేశీయురాలే. ఆయన పాస్‌పోర్టు ఇచ్చిన ప్రభుత్వంతో మా దేశం అప్పటికే తెగతెంపులు చేసుకుంది. ఆ పాస్‌పోర్టు పట్టుకుని ఎక్కడికి వెళ్ళినా ఓ పక్కన నిలబెట్టేవారు. విదేశీయులైతే పద్నాలుగేళ్ళు రాగానే వేలిముద్రలు వెయ్యాలి, కార్డు జేబులో లేకుండా వీధిలోకి రాకూడదు. "నా కూతురి వేళ్ళకి ఆ నల్లసిరా అంటకూడదు. నీ పేరు పెట్టుకోనీ, నీ దేశం పిల్లని చెయ్యి. తండ్రి గడి ఖాళీగా ఉంటే ఉండనీ, నేను ఇంట్లోనే ఉంటాగా." కూతురే పుడుతుందని ఆయనకెలా తెలుసు? అడగలేదు. మా పేటలో అలా చేసిన ఇళ్ళు మరో మూడున్నాయి, మాకది తప్పనిపించలేదు, తెలివనిపించింది.

ఓడలు వారం రోజులు రేవులో ఉండే కాలం అది. మొదటిరోజు కొలతలు, రెండోరోజు తొడిగి చూడటం, నాలుగోరోజు సూటు. ఇస్త్రీ ఆవిరిలో ఆయన ముఖం ఎర్రగా ఉండేది, నోటి నిండా గుండుసూదులు, అయినా మాట్లాడేవాడు, గ్రీకు కెప్టెన్లతో, ఇండియా కళాసీలతో, నార్వే వాళ్ళతో. తర్వాత కంటైనర్ పెట్టెల ఓడలొచ్చాయి, పొద్దున్న వచ్చి సాయంత్రం పోయేవి, కాలర్ కొలిచే తీరిక కూడా ఎవరికీ ఉండేది కాదు. "ఈ వంపులో చూడండి, సముద్రం ఒక్క ముక్క కనిపిస్తుంది" అంటోంది సనాయె. ఒక్క ముక్కే, రెండు మేడల మధ్య. సముద్రం ఆవల అవాజి ద్వీపం, అక్కడ ఉండేవాడు మా నాన్న, ఉల్లిపాయల రైతు. అసలు సంగతి అక్కడుంది.

ఎందుకంటే చట్టం మారింది. సనాయెకు ఎనిమిదేళ్ళు నిండి తొమ్మిదో ఏడు నడుస్తుండగా, తల్లి నుంచి కూడా పౌరసత్వం వస్తుందని మార్చారు. ఇక పెళ్ళి రాయించినా, తండ్రి పేరు రాయించినా పిల్లకు పోయేదేమీ లేదు. పేపరు ముక్క కత్తిరించి కుట్టుమిషను మీద పెట్టాడు ఆయన. వార్డు ఆఫీసు మా సందు నుంచి పది నిమిషాల నడక. వెళ్దామా అన్నాడు. వెళ్దాం, వానాకాలం పోనీ అన్నాను. మా నాన్న అప్పటికే చెప్పి ఉన్నాడు, మా ఇంటి కాగితంలో ఆ చైనావాడి పేరు పడిన రోజున నువ్వు చచ్చినదానితో సమానం, అని. పండక్కి ఉల్లిపాయల బస్తా పంపేవాడు, బస్తా మీద నా పేరు రాసేవాడు, నా పేరొక్కటే. ఆ బస్తా రాకుండా పోతుందేమోనని భయపడ్డాను. ముప్ఫై దాటిన ఆడదాన్ని, ఉల్లిపాయల బస్తాకు భయపడ్డాను. ఏటా కొత్త సంవత్సరం సెలవులయ్యాక ఆయన అడిగేవాడు, ఈ ఏడు వెళ్దామా, అని. నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. నాన్న పోతే వెళ్దాంలే అని లోలోపల లెక్క వేసుకున్నాను, ఆయన తొంభై ఆరేళ్ళు బతికాడు. పోయాక చూసుకుంటే మాకు అరవై దాటాయి, తెల్లజుట్టుతో పెళ్ళి దరఖాస్తు పట్టుకుని గుమాస్తా ముందు నిలబడటానికి సిగ్గేసింది.

ఇంతవరకైతే పిరికితనం, దాన్ని ఎలాగో మోయచ్చు. కానీ ఆ మధ్యలో ఒకరోజు ఉంది. సనాయెకు ఇరవై నాలుగేళ్ళు, పాస్‌పోర్టు కోసం కుటుంబ పత్రం తీయించుకుని వచ్చింది. కొట్లో నిలబడి, తండ్రి అన్న గడి మీద వేలుపెట్టి, "ఇదేంటి?" అంది. ఆయన మిషను ఆపి, "మీ అమ్మనడుగు" అన్నాడు. నాకేసి తిరిగింది. వాన, పదిహేనేళ్ళ పాత భయం, ఉల్లిపాయలు, ఏమీ నోటికి రాలేదు, ఒక్క ముక్క వచ్చింది. "మీ నాన్నకి కాగితాలంటే పడదే." అంతే అన్నాను. కూర ఉడికిందా అంటే ఉడికింది అన్నంత తేలిగ్గా అన్నాను. ఆయన తల వంచుకుని మళ్ళీ మిషను తొక్కాడు. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. పిల్ల ఆ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టుకుంది, మళ్ళీ అడగలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నాడు, అవి మహమ్మారి రోజులు, కాగితం మీద బంధువైతేనే లోపలికి అన్నారు. యొకొహామా నుంచి వచ్చిన ఆయన అన్న కొడుకు ఐదు నిమిషాలు చూసొచ్చాడు. నేనూ సనాయె కార్లు నిలిపేచోట నిలబడ్డాం, మంచు పడుతోంది. "నాన్నకి కాగితాలంటే పడకపోతే, నీకేమైంది?" అంది. అదే చివరి మాట.

నాన్‌కిన్ మాచి గేటు దాటగానే ఆవిరి, వెల్లుల్లి, జనం. బన్నుల కొట్టు ముందు వరుస సింహపు బొమ్మ దాకా ఉంది. దొన్నెలో బాతుమాంసం తింటూ ఒక జంట మా వరుసలో కలిసిపోయి మళ్ళీ విడిపోయారు. అంత గోలలోనూ దాని గొంతు నా చెవిలో స్పష్టంగా ఉంది. "ఎడమకి, ఈ సందులోకి రండి. నాలుగో తలుపు, ఇప్పుడు పాలటీ అమ్ముతున్నారు చూడండి, అక్కడ రిన్ గారని ఒక దర్జీ ఉండేవారు." ఉండేవారు, అంది. ఒక దర్జీ, అంది. నగోయా ఆయన పేజీ తిప్పాడు. నేను అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఈ గోడకు నా చేత్తో రెండుసార్లు సున్నం వేశాను.

"ఆయన గుడ్డ కత్తిరించే బల్ల పెద్దది, ఈ కొట్టు అంతా అదే. నేను చిన్నప్పుడు, అంటే, అప్పట్లో ఈ సందు పిల్లలు ఆ బల్ల కింద దూరి పడుకునేవాళ్ళు. పైన చూస్తే చెక్క నిండా సుద్దరాతలు. వచ్చిన ప్రతి కెప్టెన్నీ, ప్రతి కళాసీనీ ఒక మాట అడిగేవారట ఆయన. మీ భాషలో కూతుర్ని ఏమంటారు, అని. విన్నది విన్నట్టు బల్ల అడుగున రాసుకున్నారు. నేను లెక్కపెట్టాను, ముప్ఫై ఒక్క భాషలు."

ముప్ఫై ఒకటి. నలభై ఏళ్ళు ఆ బల్ల తుడిచాను, మైనం పూశాను, అడుగున ఒక్కసారి వంగి చూడలేదు. పక్కింటి గిన్నె చప్పుడుకు చెవులు రిక్కించే నేను, ఇంట్లో బల్ల కింద ఏముందో చూసుకోలేదు. ఆ బల్ల ఇప్పుడేదీ? కొట్టు ఖాళీ చేసినప్పుడు అన్న కొడుకు ఎవరికో ఇచ్చేశాడు.

"అయితే ఆయనకు కూతురుందన్నమాట" అన్నాడు నగోయా ఆయన, పెన్సిలు ఎత్తి.

సనాయె జెండాను రెండో చేతిలోకి మార్చుకుంది. "కాగితాల్లో లేదండీ. ముప్ఫై ఒక్క భాషల్లో రాసుకున్నాడు గానీ, రాయాల్సినచోట మాత్రం రాయలేదు. ఆయనకి కాగితాలంటే పడదట."

అట, అంది. నా మాట నాకే తిప్పి ఇచ్చింది, పదిమంది చెవుల్లో. దానిలో కోపం కంటే నమ్మకం ఎక్కువగా ఉంది, అదే భరించలేకపోయాను. ఇది ఇరవై మూడేళ్ళుగా ఆ మాట నిజంగానే నమ్ముతోంది. తండ్రికి తను అంతే అనుకుని బతుకుతోంది. మాస్కు లాగేశాను.

"పడేది" అన్నాను. నాకు మైకు లేదు, అరవాల్సి వచ్చింది. బన్నుల వరుసలో వాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఆయనకి కాగితాలంటే పడేది. ప్రతి ఏడూ అడిగాడు, వెళ్ళి రాయిద్దాం, పిల్లకి నా పేరు ఇద్దాం, అని. నేనే వెళ్ళలేదు. మా నాన్నకి భయపడి వెళ్ళలేదు, మా నాన్న పోయాక సిగ్గుపడి వెళ్ళలేదు. ఆ మాట నేను కల్పించి చెప్పాను సనాయె. మీ నాన్న అనలేదు."

చెవిలో దాని ఊపిరి వినిపిస్తోంది, నాకే కాదు, పదిమందికీ. నగోయా ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టేసుకున్నాడు.

"నువ్వు ఆ మాట అన్నప్పుడు నాన్న అక్కడే ఉన్నాడు" అంది.

"ఉన్నాడు."

"విన్నాడు. ఏమీ అనలేదు."

"నన్ను నీ ముందు అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టం లేక."

జెండా కిందికి దిగింది. "ఇవాళ్టి నడక ఇక్కడితో అయిపోయిందండీ, యంత్రాలు ఈ పెట్టెలో వేసేయండి" అంది. నగోయా ఆయన గొంతు సవరించుకుని, "మరి ఓడరేవు?" అన్నాడు పాపం. "నేరుగా సముద్రంవైపు నడవండి, అదే వస్తుంది" అంది. ఒక్కొక్కరే వంగి నమస్కరించి పెట్టెలో వేసి వెళ్ళిపోయారు. ఆయన మాత్రం నాకు కూడా నమస్కరించాడు, ఎందుకో తెలియదు. సనాయె పాలటీ కొట్టు గడప మీద కూర్చుంది, పెట్టె ఒళ్ళో పెట్టుకుని. "నాన్నా" అంది. మైకు తీయడం మరిచిపోయింది. నా చెవిలోనూ, ఒళ్ళో పెట్టెలోని తొమ్మిది యంత్రాల్లోంచి సన్నగానూ, ఆ మాటే వినిపించింది. అమ్మా అనలేదు. దగ్గరికి వెళ్ళాలనిపించింది, వెళ్ళే హక్కు లేదనిపించింది, అయినా వెళ్ళి పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాను. టీ అమ్మే పిల్ల చిన్న బల్ల ఒకటి మా ముందుకు జరిపి పెట్టింది.

సనాయె ముఖం తుడుచుకుని, "వకీలు కాగితం నీకు చేరిందా, లేదా?" అంది.

సంచిలోంచి తీశాను. అంచులు నలిగిపోయి ఉన్నాయి. అన్ని గడులూ చూసింది, ఖాళీగా ఉన్నదాని దగ్గర ఆగింది.

"కోర్టులో పైకి చదువుతారు. అవాజిలో మామయ్యవాళ్ళకీ తెలుస్తుంది."

"తెలియనీ."

"నిన్ను క్షమించేశానని అనుకోకు."

"అనుకోను."

జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చింది. బల్ల మీద కాగితం పరిచి, కారణం అన్నచోట రాయడం మొదలుపెట్టాను. ఆయన అడిగాడు అని రాశాను, నేను వెళ్ళలేదు అని రాశాను, మా నాన్న పేరు రాశాను, వానాకాలం అని రాశాను. అది నా భుజం మీంచి వంగి ఒక్కో అక్షరం చదువుతోంది. రెండు వరుసల్లోనే గడి నిండిపోయింది. పెన్ను ఎత్తి దానికేసి చూశాను.

"వెనక్కి తిప్పి రాయి" అంది సనాయె.